పొద్దుపోక కాదండీ



మే నెల, మిట్టమధ్యాహ్నం. రాజమండ్రి నుంచి నరసాపురం వెళ్ళే బస్సులో కూర్చుని నేను స్వెటరు అల్లుతున్నాను. కిటికీలోంచి వడగాలి ముఖాన కొడుతోంది. ఒళ్ళో ముదురు నీలం ఊలు ఉండ. పక్క సీట్లో ఆవిడ పమిట చెంగుతో విసురుకుంటూ ఒకసారి నా ముఖం వంక, ఒకసారి నా చేతుల వంక చూస్తోంది. పెనుగొండ దాటేదాకా ఓపిక పట్టింది. ఆ తర్వాత ఇక ఆగలేక అడిగేసింది.

"ఏవండీ, పొద్దుపోక చేస్తున్నారా?"

"ఆఁ, అదేనండీ" అన్నాను.

ఆ జవాబు తప్పు. ఇంటికొచ్చాక కూడా నన్ను పీకుతూనే ఉంది. రేడియోవాళ్ళు ఈ పావుగంట ఇచ్చారు కాబట్టి ఆ తప్పు కాస్త దిద్దుకుందామని వచ్చాను. ఆ బస్సు సంగతి ఇంకొంచెం ఉంది, తర్వాత చెబుతాను.

మన వైపు ఆడవాళ్ళు కూర్చుని చేసే పనులన్నిటికీ ఈ ఒక్క మాటే. అప్పడాలు వత్తినా, దేవుడికి వత్తులు చేసినా, బొంత కుట్టినా, పెరట్లో పాదు పెట్టినా "పాపం, పొద్దుపోక" అంటారు. పేకాడే మగవాళ్ళని మాత్రం ఎవరూ ఆ మాట అడగరు. వాళ్ళకి పొద్దు చాలడం లేదని అందరికీ తెలుసు కాబోలు.

నా మటుకు నాకు చాలినంత పొద్దు ఎప్పుడూ లేదు. ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, సాయంత్రం అయిదు కాగానే లెక్కల ట్యూషనుకు వచ్చే వీధి పిల్లలు. కుక్కరు మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య ఒక వరస. కుళాయిలో నీళ్ళొచ్చేలోగా ఇంకో వరస. కరెంటు పోయినప్పుడు, డిజైను లేని సాదా వరసైతే చీకట్లోనే, వేళ్ళ గుర్తు మీద. నా స్వెటర్లన్నీ ఇలా చిల్లర పోగేసి అల్లినవే. పెద్దనోటంత తీరిక దొరికిన రోజున మాత్రం నిజం చెప్పాలంటే నిద్రపోయాను.

నిట్టింగ్ నాకు గోదావరి ఒడ్డున పట్టుబడలేదు. లూధియానాలో పట్టుబడింది. 1996లో మావారికి బ్యాంకు ఉద్యోగంలో అక్కడికి బదిలీ అయింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేసేటప్పుడు కప్పుకునే శాలువా ఒకటి పెట్టెలో పెట్టుకుని, చలికి తయారయ్యాననుకుని వెళ్ళాను. డిసెంబరు రెండోవారానికి ఆ శాలువా కిటికీ సందులో కుక్కడానికి పనికొచ్చింది.

లూధియానా ఊలు బట్టలకు పేరుపడ్డ ఊరు. వీధి వీధినా స్వెటర్లు అల్లే మిషన్లు టకటకలాడుతుంటాయి. అంత మిషన్ల మధ్యా, పదకొండు గంటలకల్లా ఆడవాళ్ళు డాబాల మీద నులక మంచాలు వాల్చుకుని ఎండకు వీపు పెట్టి సూదులు ఆడించేవారు. ఎదురింటి పెద్దావిడకు పంజాబీ తప్ప రాదు. నాకు వచ్చిన హిందీ దూరదర్శన్ హిందీ. ఇక మాటలతో పని కాదని ఆవిడ నా వేళ్ళు పట్టుకుని నేర్పింది. సీధా, ఉల్టా, అంతే. ఊలు సూదికి వెనక ఉంచి అల్లితే సీధా, ముందుకు తెచ్చుకుని అల్లితే ఉల్టా. మన పుస్తకాల్లో ప్లెయిన్, పర్ల్ అని రాస్తారు. సీధా కుట్టును గుడ్డ తిప్పి వెనక నుంచి చూస్తే అదే ఉల్టా. రెండూ ఒకే కుట్టని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది. తెలిశాక మాత్రం ఎంత పెద్ద డిజైను చూసినా భయం పోయింది. ఇప్పటికీ అంచు అల్లేటప్పుడు లోలోపల లెక్కపెట్టుకునేది ఆవిడ గొంతుతోనే: దో సీధే, దో ఉల్టే.

సూదుల నంబర్లలో ఒక తమాషా ఉంది. 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్ల మందం, 10వ నంబరు 3.25, 12వ నంబరు 2.75. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కరెంటు పనివాళ్ళ వైరు గేజీ కూడా ఇంతే. ఇంగ్లీషువాళ్ళ పాత లెక్క అది. వాళ్ళు ఏనాడో మిల్లీమీటర్లలోకి మారిపోయారు, మన ఊలు దుకాణాల్లో మాత్రం ఇంకా "పది నంబరివ్వు, పన్నెండు నంబరివ్వు" అనే అడుగుతాం. అంచు బిగువుగా ఉండాలి కాబట్టి పన్నెండుతో, ఒళ్ళు పదితో అల్లుతాం.

ఇక్కడ లెక్కల పంతులమ్మ బుద్ధి కాస్త బయటపెడతాను, విసుక్కోకండి. 10వ నంబరు సూదితో, నాలుగు పోగుల ఊలుతో అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పులో మామూలుగా 28 కుట్లు పడతాయి. పెద్దవాళ్ళ స్వెటరు వెనక భాగం 40 సెంటీమీటర్లు కావాలంటే 112 కుట్లు ఎక్కించుకుంటాం. నా చెయ్యి కొంచెం వదులై 28 బదులు 27 పడ్డాయనుకోండి. తేడా ఒక్క కుట్టే, కానీ అదే 112 కుట్లు 41 సెంటీమీటర్ల పైచిలుకు సాగుతాయి. ముందూ వెనకా కలిస్తే చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు పెరిగిపోతుంది. అందుకే స్వెటరు మొదలుపెట్టే ముందు అరచెయ్యంత నమూనా ముక్క అల్లి, స్కేలు పెట్టి లెక్కపెట్టుకోమంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళెవరూ ఈ మాట వినరు. నేనూ వినలేదు. నా మొదటి స్వెటరు మావారికని మొదలై, ఆయనా ఆయన తమ్ముడూ కలిసి తొడుక్కునేంత అయింది.

అయినా నష్టమేం లేదు. ఊలులో ఉన్న సుఖం అదే, విప్పేసుకోవచ్చు. కొస పట్టుకుని లాగితే వరసకు వరస జరజరా ఊడివస్తుంది. ఊడిన ఊలు సేమ్యాలాగా మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, చిలప కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కింద చిన్న బరువు వేలాడదీసి నీడన ఆరేస్తే మెలికలు సాపవుతాయి. బస్సులో నా ఒళ్ళో ఉన్న నీలం ఊలుకు అది మూడో జన్మ. మొదట మావారి మీద, తర్వాత మా అమ్మాయి మీద, ఇప్పుడు ఢిల్లీలో ఉన్న మనవడి కోసం.

ఇంతకీ అల్లిక నా రక్తంలో లేదని కాదు. మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ స్వెటర్లు లేవు, లేసు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కొక్కెం ఉన్న ఒకే ఒక్క క్రోషా సూదితో తెల్లదారం అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు మిషనరీలు గోదావరి ఒడ్డుకు తెచ్చిన విద్య అది. నేర్పినవాళ్ళు పోయారు, విద్య మన అరుగుల మీద ఉండిపోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నిట్టింగుకీ క్రోషాకీ అసలు తేడా సూదుల సంఖ్యలో లేదు. నిట్టింగులో వరసలో ఉన్న కుట్లన్నీ సూది మీద ప్రాణంతో ఉంటాయి. సూది జారిందంటే అన్నీ గాలిలో ఉన్నట్టే. క్రోషాలో ఏ కుట్టుకా కుట్టు ముడిపడిపోతుంది, ప్రాణంతో ఉండేది ఒక్కటే. చంటిపిల్ల ఏడ్చినా, పాలు పొంగినా, సూది అక్కడే వదిలేసి లేచిపోవచ్చు. వచ్చి ఆ ఒక్క కుట్టూ అందుకుంటే చాలు. ఇంటి పనుల మధ్య చేసుకోవడానికి అది అంతగా ఎందుకు కుదిరిందో నాకు రెండూ వచ్చాకే అర్థమైంది. ఇంకో సంగతి కూడా ఉంది. నిట్టింగు చేసే చట్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే తయారుచేశాడు. క్రోషాను అచ్చంగా చేతితో అల్లినట్టు అల్లే మిషను ఇంతవరకు ఫ్యాక్టరీల్లోకి రాలేదు.

అమ్మమ్మకి దారం ఏజెంటు తెచ్చి ఇచ్చేవాడు. అల్లిన పూలు లెక్కపెట్టుకుని పట్టుకుపోయేవాడు. ఎన్ని రీళ్ళ దారం అల్లితే అంత కూలి. పూలు, ముక్కలు అల్లడాన్ని చేతిపని అనేవారు. ఆ ముక్కలన్నీ కలిపి బల్లగుడ్డో, దుప్పటో చెయ్యడం అతుకుపని, దానికి వేరే మనుషులు. కాబట్టి అమ్మమ్మ తన జీవితంలో కొన్ని వేల పూలు అల్లిందే కానీ, పూర్తయిన బల్లగుడ్డ ఒక్కటీ చూడలేదు. "ఏ దొర బల్ల మీదికో పోతాయి" అనేది, పోయిన పిల్లి గురించి చెప్పినట్టు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ పల్లెలకు వచ్చి, ఈ ఆడవాళ్ళ పక్కన కూర్చుని, 1982లో ఒక పుస్తకం రాసింది. నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద పుస్తకం. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లి, దాని పైన ఇంటి చాకిరీ అంతా చేసి, ప్రపంచ బజారుకు సరుకు పంపే ఈ ఆడవాళ్ళను అందరూ "ఇంట్లో ఉండేవాళ్ళు" అనే అంటున్నారని, వాళ్ళ పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఇవ్వగలుగుతున్నారని ఆమె తేల్చింది. నేను ఆ పుస్తకం చదివిన రోజున తాతయ్య గుర్తొచ్చాడు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తారండీ" అంటే, "ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది" అని రాయించేవాడు. అమ్మమ్మ లోపలి నుంచి కాదనేది కాదు. సూది ఆపేది కూడా కాదు.

సరే, బొంత దగ్గరికి వద్దాం. బొంత అంటే అరటి అనుకునేరు. బొంత అరటి కూడా ఉంది మా పెరట్లో, బూడిదరంగు పచ్చ తొక్కతో, బజ్జీలకు భేషుగ్గా ఉంటుంది. నేను చెప్పేది మంచం మీది బొంత. "అతుకుల బొంత ప్రభుత్వం" అని మన నాయకులు ఎదుటి పక్షాన్ని తిడుతుంటారు. అది తిట్టెలా అయిందో నాకు బోధపడదు. వాళ్ళలో ఒక్కరూ బొంత కుట్టి ఉండరు. అతుకు నిలిచినంత కాలం గుడ్డ నిలవదు. మా ఇంట్లో చినిగిన బొంతలన్నీ గుడ్డ మధ్యలో చినిగినవే, అతుకు దగ్గర చినిగింది ఒక్కటీ లేదు.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యరు మన ఇళ్ళల్లో. పొత్తిగుడ్డలు పాత నూలు చీరలవే. ఆచారమనుకుంటాం కానీ ముట్టుకుంటే తెలుస్తుంది ఎందుకో. వంద ఉతుకులు తిన్న నూలు చీరలో గంజి పోతుంది, దారం మీది బిరుసు పోతుంది, చర్మానికి గుచ్చుకునేదేమీ మిగలదు. మూడు చీరలు మడతలు పెట్టి పొరలుగా పరిచి, నాలుగు పక్కలా టాకాలు వేసి, పెద్ద సూదితో వేలెడు దూరాన వరసలు కుట్టుకుపోతే బొంత. చలికాలం ఆ పొరల మధ్య గాలే వెచ్చదనం. ఎండాకాలం అదే మడిచి వేసుకుంటే మెత్తని పరుపు. బెంగాలీలు దీన్నే కాంథా అంటారు. మన సంస్కృతం కంథ కూడా ఇదే, సన్యాసులు కప్పుకునేది. ఉత్తర కర్ణాటకలో కౌది. అక్కడి అడవుల్లో ఉండే సిద్దీ తెగవాళ్ళు బొంత నాలుగు మూలలా త్రికోణంగా మడిచిన రంగు ముక్కలు కుట్టి వాటిని పువ్వులంటారు. మూలల్లో పువ్వులు లేని బొంత బట్ట కట్టుకోనట్టేనట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నా బొంతలకూ మూలల్లో పువ్వులు పెడుతున్నాను. సిగ్గుపడుతూ కూర్చున్నట్టు అనిపించే పాత బొంతలకు కూడా పెట్టాను.

ముక్కల బొంతకు గుడ్డ ఎక్కడిదంటారా? తెలుగింట్లో దానికి కరువుందా? జాకెట్టు ముక్కలు! పేరంటానికి వెళితే ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, నోములకు ఒకటి, చుట్టం వచ్చి వెళుతుంటే బొట్టు పెట్టి ఒకటి. ఏ ముక్కా ఏ చీరకూ కలవదు. బీరువా పై అరలో చేరుతుంది, అక్కడి నుంచి ఇంకొకరి పేరంటానికి వెళుతుంది. ఒకసారి నేను పెట్టిన ముక్కే నాలుగేళ్ళు ఊరంతా తిరిగి మళ్ళీ నా చేతికే వచ్చింది. మడత మీద నా వేలి పసుపు మరక అలాగే ఉంది. ఆ రోజున కత్తెర తీశాను. మొత్తం నలభై మూడు ముక్కలు తేలాయి.

తేలిగ్గా అవుతుందనుకున్నాను, కాలేదు. నూలుదీ, పాలియెస్టరు కలిసినదీ పక్కపక్కన కుట్టాను. మొదటి ఉతుక్కి నూలు ముక్కలు కుదించుకుపోయాయి, పాలియెస్టరు ముక్కలు కుదించుకోలేదు. బొంతంతా కంది వడియంలా గుబ్బలు గుబ్బలుగా లేచింది. రెండోసారి గుడ్డలన్నీ ముందే తడిపి ఆరబెట్టి, నూలువి మాత్రం ఏరుకున్నాను. ఈసారి పొదుపుకు పోయి కొన్ని ముక్కలు ఐమూలగా కత్తిరించాను. గుడ్డ పడుగు దారి వెంట లాగితే సాగదు, పేక దారి వెంట లాగితే కొద్దిగా సాగుతుంది, ఐమూలగా లాగితే రబ్బరే. చదరాలు కాస్తా పతంగులయ్యాయి. టైలర్లు జాకెట్టు మెడపట్టీకి ఐమూల ముక్క ఎందుకు వేస్తారో ఆ రోజున అర్థమైంది. వంపు తిరగాలంటే ఆ సాగుడే కావాలి. బొంతకు అదే శత్రువు. మూడోదే నేను కప్పుకుంటున్నది. మొదటి రెండూ మా వీధి కుక్కకు చలికాలం ఉపయోగపడ్డాయి. అది ఏ లోపమూ ఎంచలేదు.

ఇక పెరడు. రాజమండ్రిలో మాది సెంటున్నర పెరడు. కడియం నర్సరీలు కూతవేటు దూరంలో ఉన్నాయి కాబట్టి చుట్టాలంతా నా పెరట్లో గులాబీలు, క్రోటన్లు చూద్దామని వస్తారు. నా దగ్గర ఉండేవి బీర, ఆనప, పొట్ల, కాకర పాదులు, గోడవార దొండ, ఎండ తక్కువైన మూల బచ్చలి, మిగిలిన చోటల్లా గోంగూర, తోటకూర. తెలంగాణ శ్రోతలు ఆనపకాయంటే సొరకాయ అనుకోండి. మృగశిర కార్తె వచ్చి, అంటే జూన్ రెండోవారానికి నాలుగు చినుకులు పడగానే పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, గింజలు పెడతాను.

పాదు పెట్టినవాళ్ళంతా మొదట పడే దిగులు ఒకటే: పూస్తోంది కానీ కాయడం లేదు. ఈ పాదుల్లో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు, రెండూ ఒకే తీగెకు వస్తాయి. పువ్వు వెనక బుల్లి పిందె ఉంటే ఆడది. సన్నటి కాడ మీద ఊరికే నిలబడితే మగది. ముందు వచ్చేవన్నీ మగపువ్వులే, అవి రాలిపోతుంటే మనకు గుండె జారిపోతుంది. ఇంకో పదిరోజులు ఓపిక పడితే ఆడవి వస్తాయి. దొండ సంగతి వేరు. అందులో ఆడ తీగె వేరు, మగ తీగె వేరు. అందుకే దొండకు గింజ పెట్టం, కాసే తీగె నుంచి ముక్క తెచ్చుకుని నాటుకుంటాం. ఆ తెలివి మన అమ్మమ్మలకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

పెరట్లో రెండు షిఫ్టులు నడుస్తాయని నాకు చాలాకాలం తెలియదు. గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటి దగ్గరకు తేనెటీగలు వస్తాయి. బీర, ఆనప, పొట్ల సాయంత్రం దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటాయి. ఆనప, పొట్ల పూలు తెల్లనివి, చీకట్లో కనబడాలి కదా. వాటికి రెక్కల పురుగులు రావాలి. మా అమ్మమ్మకు గడియారం లేదు. "బీరపూలు విచ్చాయి, బియ్యం కడుగు" అనేది అమ్మతో. అపార్టుమెంటు మేడల మీద కుండీల్లో వేసుకున్నవాళ్ళకు అంత ఎత్తున ఆ రెక్కల పురుగులు రాకపోవచ్చు. అప్పుడు మీరే పెళ్ళి పెద్దలు. సాయంత్రం ఒక మగపువ్వు కోసి, రేకలు వెనక్కి తీసేసి, ఆ పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. నాలుగు రోజుల్లో పిందె ఉబ్బితే పని అయినట్టు, పసుపుపచ్చబడితే కానట్టు.

తెగుళ్ళ గురించి ఎక్కువ చెప్పను, వ్యవసాయ కార్యక్రమం వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. లేత ఆకును జల్లెడ చేసే ఎర్ర పెంకుపురుగుకు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లుతాను. చిక్కుడుకు పేనుబంక పడితే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బు. పండుఈగ కుట్టిన కాకరపిందెలు తీసి లోతుగా పాతిపెడతాను. పెరట్లోనే పడేస్తే వచ్చేవారం దాని పిల్లలు పలకరిస్తాయి. పొట్లకాయ వంకర తిరగకుండా కొసకు పురికొసతో చిన్న రాయి కడతాను. ఎందుకమ్మమ్మా, వంకరగా ఉంటే రుచి మారుతుందా అని మనవడు అడిగాడు. మారదు. తరగడం తేలిక.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆనపకాయైనా, దోసకాయైనా, పొట్లకాయైనా తరిగే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. మన పెద్దవాళ్ళంతా చేసిన పని ఇది, ఫ్రిజ్జులు వచ్చాక మానేశాం. చేదు తగిలితే ఉప్పేసి పిండడాలు, బెల్లం వెయ్యడాలు వద్దు, కాయ మొత్తం పారెయ్యండి. ఆ చేదు పదార్థం వంటతో పోదు, వాంతులు విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది. ఆరోగ్యమని పరగడుపున ఆనపకాయ రసం తాగేవాళ్ళు ముందు చెంచాడు రుచి చూసి తాగాలి. చేదు మందు అనుకుని మింగకూడదు.

గోంగూర మీద నాకు ప్రత్యేకమైన గౌరవం, పప్పుకూ పచ్చడికీ కాదు. గోగునార వచ్చేది ఈ జాతి మొక్కల నుంచే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పొలాలకు పొలాలు నార కోసం వేసేవారు. ఆకు కూరకు, కాండం నీళ్ళలో నానబెట్టి నార. ఎర్రకాడ గోంగూరకు పులుపెక్కువ, తెల్లకాడదానికి తక్కువ. పండిన కాండం ఒకటి విరిచి బెరడు ఒలిచి చూడండి, దారం లాగినట్టే వస్తుంది. బీరకాయ కూడా అంతే. ముదరనిచ్చి ఎండనిస్తే లోపల ఎవరో క్రోషా అల్లి దాచినట్టు పీచు, ఆ పీచు మధ్య నల్లటి గింజలు వచ్చే ఏడాదికి.

పెరట్లో నా తప్పులు చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. ఒక మేలో కొత్తిమీర చల్లాను. మొలిచింది, జానెడు కాకుండానే పూసింది, పోయింది. కొత్తిమీర మన ఎండకు ఆకు వెయ్యదు, కంగారుగా గింజకు వెళ్ళిపోతుంది. ఇంకో ఏడాది ఆనపపాదు ఒకటి చాలదేమోనని మూడు పెట్టాను. ఆగస్టులో వారానికి తొమ్మిది కాయలు. మొదట్లో ఇరుగుపొరుగు సంతోషించారు. నెల తిరిగేసరికి సంచి పట్టుకుని నేను వీధిలోకి వస్తే తలుపులు పడేవి. ఊలైతే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. పాదు దగ్గర తప్పు తెలియడానికే నలభై అయిదు రోజులు పడుతుంది, దిద్దుకోవాలంటే మళ్ళీ మృగశిర రావాలి.

ఇదంతా పొదుపు కోసమా అని కొందరు అడుగుతారు. పొదుపు లెక్క నేను వేసే చూశాను. ఆరేళ్ళ పిల్లాడి స్వెటరు తీసుకోండి. వెనక భాగం 72 కుట్లు, 120 వరసలు: 8,640. ముందు భాగం దాదాపు అంతే. చేతులు రెండూ కలిపి ఓ 8,100. మొత్తం పాతికవేల పైన కుట్లు. నిమిషానికి ముప్ఫై అల్లే చేతికి పధ్నాలుగు గంటలు, కుట్టి కలపడం కాకుండా. బజార్లో అలాంటి స్వెటరు అయిదారు వందలకు వస్తుంది. ఊలు ఖరీదు తీసేస్తే గంటకు నాకెంత మిగులుతుందో నేను చెప్పను, మా ట్యూషను పిల్లలు చెబుతారు. పెరటి బీరకాయకు ఎరువు, పందిరి తాడు, నీళ్ళ మోటారు కరెంటు కలిపితే అది రైతుబజారు బీరకాయ కంటే చవకేం కాదు.

పొదుపూ కాదు, పొద్దూ కాదు. మరెందుకు? నాకు తోచిన జవాబు ఒకటుంది, చిన్నది. పోయిన చలికాలం ఢిల్లీ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, వాడు పొడుగైపోయాడు, స్వెటరు బొడ్డు దాకా కూడా రావడం లేదు, ఎవరికైనా ఇచ్చెయ్యనా?" అంది. ఇవ్వొద్దు, పంపించమన్నాను. నిట్టింగు మొదలుపెట్టిన వైపు నుంచి ఊడదు. అంచు పైన ఒక్క పోగు కత్తిరించి, వరస పొడుగునా ఆ పోగు జాగ్రత్తగా లాగేస్తే గుడ్డ రెండుగా విడిపోతుంది. పై ముక్క కింద ఉన్న కుట్లన్నీ ప్రాణంతో బయటపడతాయి. వాటిని సూదికి ఎక్కించుకుని కిందికి అల్లుకుంటూ పోవడమే. ఆ స్వెటరు రంగు ఆకుపచ్చ ఊలు సరిపోయేంత దొరకలేదు, పసుపుపచ్చది కలిపాను. చేతులకూ అలాగే పట్టీలు వేశాను. అల్లినదాన్ని నేనే కాబట్టి కత్తెర ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. కొన్న స్వెటరైతే ఇచ్చెయ్యమనేదాన్ని. ఇప్పుడు వాడు మళ్ళీ పొడుగయ్యాడు. అందుకే ఎండాకాలంలో ఈ నీలంది.

ఆ బస్సు సంగతి మిగిలింది కదూ.

"ఆఁ, అదేనండీ" అని నేనన్నాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మార్టేరులో బస్సు ఆగినప్పుడు ఉన్నట్టుండి నా మోకాలి మీద ఉన్న అల్లిక కొస పట్టుకుని దగ్గరగా లాక్కుంది. ఆవిడ చూపుడువేలు ఊలు మీద వరసలు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగి ఒక చోట ఆగింది.

"ఇక్కడ కుట్టు జారిందండీ. అయిదు వరసల కింద."

నా కళ్ళజోడు సరిచేసుకుని చూశాను. నిజమే. సన్నటి నిచ్చెనలా దిగిపోతోంది. కదిలే బస్సులో, వేరే ఊరి అల్లికలో, ముదురు నీలం రంగులో అది కనిపెట్టిన కన్ను మామూలుది కాదు. సంచీలోంచి క్రోషా సూది తీశాను. ఆవిడ అడక్కుండానే అందుకుని, జారిన కుట్టును మెట్టు మెట్టూ ఎక్కించి నా సూది మీద కూర్చోబెట్టి ఇచ్చేసింది. పట్టుమని నిమిషం పట్టలేదు.

"మీరు ఏం చేస్తుంటారండీ?" అన్నాను.

ఆవిడ పాలకొల్లులో దిగడానికి సంచీ సర్దుకుంటోంది.

"నేనా? నేనేం చేస్తానండీ, ఇంట్లో ఖాళీయే" అంది. "లేసు అల్లుకుంటూ ఉంటాను, అంతే."